మంచు మీది ఆటకు మన పత్తి పైసలు కట్టకండి

పైసలు కట్టకండి. మిగతాది నిదానంగా చదవొచ్చు గానీ ముందు ఈ ఒక్క మాట ఇచ్చోడ, సిరికొండ, నేరడిగొండ, బోథ్ మండలాల తల్లిదండ్రుల చెవిన పడాలి. మీ పిల్లవాడు ఐస్ హాకీకి సెలక్ట్ అయ్యాడనీ, లద్దాఖ్‌లో క్యాంపు ఉందనీ, అది అయిపోగానే స్పోర్ట్స్ కోటాలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమో, కాకుంటే కెనడా వీసానో గ్యారంటీ అనీ ఎవరు ఫోను చేసినా, ఎవరు గడప తొక్కినా, రిజిస్ట్రేషన్ ఫీజు కింద ఒక్క రూపాయి కూడా పంపకండి. ఐస్ హాకీ అనే కాదు, మన దిక్కు ఎవరూ ఆడని ఏ ఆట పేరు చెప్పినా ఇదే జవాబు.

ఐసుకూ ఇచ్చోడకూ ఏం సంబంధం అని నవ్వుతారు కొందరు. ఆ తెలియనితనమే మోసగాడికి పెట్టుబడి. కబడ్డీ సెలక్షన్ అని చెప్పి చూడమనండి. చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి కూడా పది ప్రశ్నలు వేస్తాడు. ఏ గ్రౌండులో ఆడించారు, రిఫరీ ఎవరు, జిల్లా నుంచి ఇంకెవరిని తీసుకున్నారు అని. ఐస్ హాకీ అంటే అడగడానికి ప్రశ్నే తోచదు. మన భాషలో పొద్దున పత్తి ఆకు మీద మెరిసేదీ మంచే, చలికాలం రోడ్డు కనబడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. కాళ్లకు కత్తులు కట్టుకొని జారుతూ పరుగెత్తేంత గట్టి మంచును మాత్రం ఐసు అనేస్తాం. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి అవతలి కొస శ్రీనగర్‌లోనే ఉంది, నిజమే. రోడ్డు కలిసినంత మాత్రాన ఆట కలవదు.

పైగా కాలం కూడా అట్లాగే కుదురుతుంది. లద్దాఖ్‌లో నీళ్లు గడ్డకట్టి ఆట నడిచేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. మన దగ్గర పత్తి అమ్మిన పైసలు చేతిలో ఆడేదీ ఆ రోజుల్లోనే.

ఇలాంటి మాటల్లో సగం నిజం ఉంటుంది, అందుకే మనిషి పడిపోతాడు. మన దేశంలో ఐస్ హాకీ సంఘం ఉంది, 1989 నుంచి అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యత్వమూ ఉంది. 2016లో మన అమ్మాయిల జట్టు మొదటిసారి విదేశంలో ఆడింది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చింది. కేంద్ర ఉద్యోగాలకు గుర్తించిన ఆటల జాబితాలో ఐస్ హాకీ పేరు కూడా ఉంది. ఏజెంటు ఇవన్నీ ఫోనులో తీసి చూపిస్తాడు, అన్నీ సరిగ్గానే ఉంటాయి. అబద్ధం మొదలయ్యేది ఆ తర్వాతి వాక్యంలో: "సర్టిఫికెట్ సంగతి మేం చూసుకుంటాం".

ఎట్లా చూసుకుంటాడు? ఆ కోటా కాగితానికి ఒక పద్ధతి ఉంది. దేశానికి ఆడినవాడికి జాతీయ సమాఖ్య కార్యదర్శి ఫారం 1 మీద సంతకం పెట్టాలి. రాష్ట్రానికి ఆడితే రాష్ట్ర సంఘం కార్యదర్శి ఫారం 2 ఇవ్వాలి. యూనివర్సిటీ ఆటలకు ఫారం 3, స్కూలు ఆటలకు విద్యాశాఖ నుంచి ఫారం 4. ప్రతి కాగితంలో ఏ పోటీ, ఎక్కడ, ఏ తేదీ, ఎన్నో స్థానం అని రాయాలి. ఉద్యోగం ఇచ్చే ఆఫీసు ఆ కాగితాన్ని మళ్లీ ఆ సంఘానికే పంపి నిజమో కాదో అడుగుతుంది. దొంగ కాగితం దొరికేది అక్కడ. అప్పటికి ఏజెంటు ఫోను స్విచ్ఛాఫ్. కాగితం మీద ఉన్న పేరు మీ అబ్బాయిది, దరఖాస్తు మీద సంతకమూ వాడిదే. ఉద్యోగం పోతుంది, కేసు వాడి మీదే అవుతుంది. పైసలు పోగొట్టుకున్నవాడే ముద్దాయిగా నిలబడే మోసం ఇది. ఇంటి పెద్దలు బయట చెప్పుకోకపోవడానికీ కారణం అదే.

నిజంగా ఆడేవాళ్ల సంగతి చూద్దాం. మన దేశంలో ఐస్ హాకీ ఆడి, ఆ జీతంతో బతికే వృత్తి ఇంకా లేదు. పెద్ద జట్లలో ఆడేవాళ్లలో చాలామంది సైన్యంలోనో, ఐటీబీపీలోనో ఉద్యోగులు. ఇల్లు గడిచేది ఆ యూనిఫాం మీద. డెహ్రాడూన్‌లో 2011లో కట్టిన పెద్ద ఐస్ రింకు పోటీలు అయిపోయాక ఏళ్ల తరబడి మూతపడింది. ఎండలో ఐసును గడ్డగా నిలపడమంటే రాత్రీ పగలూ కరెంటు మింగే పని. మన అమ్మాయిల జట్టు మొదట్లో విదేశాలకు పోవడానికి ఇంటర్నెట్‌లో జనం దగ్గర చందాలు ఎత్తుకుంది. దేశం తరఫున ఆడినవాళ్లే చందా అడిగిన ఆటలో మన పిల్లవాడికి నెలకు లక్ష ఇచ్చేది ఎవరు?

"అమెరికాలో ఇస్తారు" అంటాడు ఏజెంటు. ఇస్తారు. ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద లీగులో 32 జట్లు, 2025-26లో అతి తక్కువ జీతమే ఏడాదికి 7,75,000 డాలర్లు. ఆ అంకె చూపించగానే మన కళ్లు తిరుగుతాయి. ఏటా ప్రపంచం మొత్తం నుంచి ఆ లీగు డ్రాఫ్టులో పేరు పిలిచేది 224 మందిని. అందులోనూ చాలామంది పెద్ద జట్టు ముఖం చూడకుండానే కింది లీగుల్లో అరిగిపోతారు. వాళ్లలో దాదాపు అందరూ నడక వచ్చిన రెండు మూడేళ్లకే స్కేట్లు కట్టుకున్న చలిదేశాల పిల్లలు. పదిహేనేళ్ల వయసులో మొదటిసారి ఐసు చూసిన పిల్లవాణ్ని ఆ వరుసలో నిలబెడతాననేవాడి మాటను బోర్డు తిప్పేసే చిట్టీల కంపెనీ లెక్కలతో పోల్చినా తప్పు లేదు.

ఆ వృత్తిలోకి పోయినవాళ్లకు ఏమవుతుందో ఎవరూ చెప్పరు, కాబట్టి చెబుతాను. ఆ ఆటలో బంతి ఉండదు, పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల ఉంటుంది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, బరువు ఇంచుమించు క్రికెట్ బంతి అంత. ఎగరకుండా ఉండాలని ఆటకు ముందు ఫ్రీజర్‌లో పెట్టి రాయిలా చేస్తారు. అది గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. కాళ్లకున్న స్కేటు బ్లేడు మందం మూడు మిల్లీమీటర్లు, రెండు వైపులా సానపట్టిన అంచులు. 2023 అక్టోబర్ 28న ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆట నడుస్తుండగా ఎదుటి ఆటగాడి స్కేటు మెడకు తగిలి ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు చనిపోయాడు. వయసు 29. మెడకు రక్షణ తప్పనిసరి చేయాలనే కదలిక ఆ చావు తర్వాతే గట్టిపడింది. 1968లో ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు బిల్ మాస్టర్‌టన్ తల ఐసుకు కొట్టుకొని రెండు రోజులకు పోయాడు. కొత్తగా వచ్చేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి అని ఎన్‌హెచ్ఎల్ నియమం పెట్టింది 1979లో, అంటే పదకొండేళ్ల తర్వాత.

ఎన్‌హెచ్ఎల్‌లోనే ఆడిన డెరెక్ బూగార్డ్ కథ ఇంకా చేదు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. జట్టులో వాడి అసలు పని గోలు కొట్టడం కాదు, పిడిగుద్దులకు దిగడం. ఆ దెబ్బల నొప్పికి మందులు, ఆ మందులకు అలవాటు. 2011 మేలో నొప్పిమాత్రలూ మద్యమూ కలిసి 28 ఏళ్లకే ప్రాణం తీశాయి. బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు మెదడును పరీక్షించి, పదే పదే తగిలిన దెబ్బలకు వచ్చే సీటీఈ అనే జబ్బు ఉందని తేల్చారు. చూడ్డానికి టికెట్లు కొన్న జనం చప్పట్లు కొట్టింది ఆ గుద్దులకే.

సంతకాల సంగతీ ఉంది. జాక్ జాన్సన్ అనే ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు తన డబ్బు వ్యవహారాల పవర్ ఆఫ్ అటార్నీ కన్నవాళ్ల చేతికి ఇచ్చాడు. అతని రాబోయే జీతం తాకట్టు పెట్టి వాళ్లు అప్పుల మీద అప్పులు తెచ్చారు. 2014లో అతను దివాలా పిటిషన్ వేసేనాటికి కోటి డాలర్లకు పైగా అప్పు, చేతిలో దాదాపు ఏమీ లేదు. లక్షల డాలర్ల జీతం ఉన్నవాడి గతే అట్లా ఉంటే, ఖాళీ చెక్కు మీదా, ప్రామిసరీ నోటు మీదా మనతో సంతకం పెట్టించుకునేవాణ్ని ఏమనాలి?

ఇంకొకటి, చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పక తప్పదు. కెనడాలో గ్రాహం జేమ్స్ అనే పేరున్న కోచ్ తన చేతి కింద ఆడిన పిల్లలను లైంగికంగా వేధించాడని 1997లో నేరం రుజువై జైలుకు పోయాడు. బయటకు చెప్పింది షెల్డన్ కెనెడీ, అప్పటికే ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు. ఆట మీద ఆశతో పిల్లలు నోరు మూసుకున్నారు, కోచ్ మీద గౌరవంతో పెద్దలు అనుమానపడలేదు. ముక్కూ ముఖం తెలియనివాడితో మైనర్ పిల్లను, పిల్లవాణ్ని రెండు వేల కిలోమీటర్ల అవతలి క్యాంపుకు పంపే ముందు దీన్ని ఒక్కసారి తలచుకోండి.

మన దగ్గర ఎవరు చేస్తారులే అనుకోకండి. 2022లో గుజరాత్‌లోని మెహసాణా జిల్లా మోలిపూర్‌లో కొందరు పొలం అద్దెకు తీసుకొని, కూలీలకు రోజుకూలి ఇచ్చి రంగు జెర్సీలు తొడిగి, నకిలీ ఐపీఎల్ నడిపి రష్యాలో పందేలు కాసేవాళ్లను ముంచారు. పోలీసులు వచ్చేసరికి క్వార్టర్ ఫైనల్ దాకా పోయిందట ఆ కప్పు! 2025లో పాకిస్తాన్ నుంచి 22 మంది ఫుట్‌బాల్ జట్టు వేషంలో జపాన్‌లో దిగి, ఆటగాళ్లు కాదని తేలి వెనక్కి వచ్చారు. వాళ్లు ఒక్కొక్కరు ఏజెంటుకు కట్టింది అక్కడి రూపాయల్లో లక్షల కొద్దీ.

ఐసు మీద మన పిల్లలు నడవలేరని నేననడం లేదు. మనకు దగ్గరి నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. సోషల్ వెల్ఫేర్ గురుకులంలో చదివిన కూలీల బిడ్డ. మొదట భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ. ఖర్చు గురుకుల సొసైటీ, ప్రభుత్వం పెట్టుకున్నాయి. నిజమైన సెలక్షన్ అట్లా ఉంటుంది. పిల్లను బడి చూస్తుంది, పంపేవాడి పేరూ హోదా అందరికీ తెలుస్తాయి, తోడు పోయే టీచరు మళ్లీ ఊరికి వస్తాడు. ఇంటి మీద భారం పడదు.

కాబట్టి ఎవరైనా వస్తే లోపలికి పిలిచి చాయ్ పోయండి, ఫరవా లేదు. టెన్త్ మెమో ఒరిజినల్, ఆధార్, పాస్‌పోర్టు మాత్రం చేతికివ్వకండి. కాగితం జిరాక్సు తీసుకొని ఆదిలాబాద్‌లో జిల్లా యువజన, క్రీడల అధికారికి చూపించండి. గిరిజన ఆశ్రమ పాఠశాల పిల్లలైతే హెడ్మాస్టరు ద్వారా ఉట్నూరు ఐటీడీఏకు తెలపండి. ఏ సంఘానికి కేంద్ర క్రీడల శాఖ గుర్తింపు ఉందో ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలతో చూపించుకోండి. "ఇవ్వాళ సాయంత్రం లోపు కట్టకపోతే సీటు పోతుంది" అంటే పోనివ్వండి.

ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడి కూర్చోకండి. ఆన్‌లైన్‌లో పంపినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నగదు ఇచ్చినవాళ్లు ఇచ్చోడ పోలీసు స్టేషనుకు పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పిల్లలు ఇప్పటికే ఎక్కడికో వెళ్లి ఫోనుకు అందకపోతే అత్యవసర నంబరు 112కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఈ నిమిషమే చెప్పండి. ఈ కాగితం చదివినవాళ్లు, చదవడం రాని పక్కింటివాళ్లకు పొద్దుగూకక ముందే వినిపించండి.