ఐదు వేళ్లు, ఎనిమిది స్వరాలు

"మీకెందుకండీ ఈ వేళ్ల లెక్కలు? పాట వస్తే చాలు కదా!"

కీబోర్డు నేర్చుకుందామని వెళ్లిన మొదటి చోట నాకు దొరికిన సమాధానం ఇది. పక్కనే మా అమ్మాయి ఈడు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఏ స్వరానికి ఏ వేలు వెయ్యాలో వాళ్ల చెయ్యి పట్టుకుని మరీ చెబుతున్నారు. నేను అడిగితే మాత్రం చిరునవ్వు. వంటా వార్పూ ముగించుకుని కాలక్షేపానికి వచ్చిన ఆవిడకి అంత శాస్త్రం దేనికని వారి ఉద్దేశం. ఆ మాటలో చెడ్డతనం లేదు, జాలే ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మాది రెడ్డిగూడెం. చుట్టూ మామిడి తోటలు. వేసవి వచ్చిందంటే కాయకోతలు, లారీలు, ఆవకాయ జాడీలు తప్ప మరో ధ్యాస ఉండదు. అమ్మాయి కోసం కొన్న కీబోర్డు, దాని సరదా మూడు నెలల్లో తీరిపోయి, అల్మరా మీదికెక్కింది. దుమ్ము దులుపుదామని దించిన నేను మళ్లీ పైన పెట్టలేకపోయాను. మా అత్తయ్య చూసి, "నేర్చుకుంటే వీణ నేర్చుకోవచ్చుగా అమ్మాయ్, పక్కనే నూజివీడులో వీణలు చేస్తారు" అన్నారు. నిజమే. కానీ వీణ కొనాలంటే ఇంట్లో పెద్ద చర్చ జరగాలి. కీబోర్డు ఇంట్లోనే ఉంది. ఎవర్నీ అడగక్కర్లేదు.

చూపుడు వేలితో ఒక్కో మీటా నొక్కుతూ రెండు మూడు సినిమా పాటల పల్లవులు పట్టాను. మా వారు మెచ్చుకున్నారు కూడా. కానీ పాట కాస్త వేగం అందుకుంటే చాలు, చెయ్యి గెంతేది. స్వరానికీ స్వరానికీ మధ్య ఒకటే కుదుపులు, వానాకాలంలో గతుకుల రోడ్డు మీద ఆటో ఎక్కినట్టు. నాకు వయసు మీద పడింది, వేళ్లు తిరగవు అనుకున్నాను. మనం ముందుగా నిందించుకునేది మనల్నేగా!

మా వీధి చివర చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయించే కుర్రాడొకడున్నాడు. ఓరోజు మా గుమ్మం ముందు నుంచి పోతూ విని, "పాట బానే ఉందక్కా, వేళ్లే తప్పు" అన్నాడు. అంతవరకూ ఎవరూ నాతో అనని మాట! లోపలికి పిలిచి, టీ ఇచ్చి, "అయితే తప్పు లేకుండా చెప్పు" అన్నాను.

లెక్క చిన్నదే. చేతికి వేళ్లు ఐదు. కింది సా నుంచి పై సా దాకా స్వరాలు ఎనిమిది. సరిగమప అనేసరికి వేళ్లు అయిపోతాయి. మిగిలిన మూడింటికీ ఏం చెయ్యాలి? చెయ్యి ఎత్తి మళ్లీ వేస్తే కుదుపు. కీబోర్డు నేర్చుకునేవాళ్లకి మొదటి చిక్కుముడి ఇదే. దాన్ని విప్పేది బొటనవేలు.

బొటనవేలు 1, చూపుడు వేలు 2, అలా చిటికెన వేలు 5. రెండు చేతులకీ ఇవే అంకెలు. రెండు నల్ల మీటల గుంపుకి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్ల మీటని సా అనుకోండి. కుడిచేత్తో సరిగకి 1, 2, 3 వేళ్లు. ఇప్పుడు మధ్యవేలు గ మీద ఉండగానే బొటనవేలు దాని కిందనుంచి దూరి మ మీదికి పోవాలి. అక్కణ్ణుంచి మపదనిస, ఐదు వేళ్లు, ఐదు స్వరాలు. సరిపోయింది! దిగేటప్పుడు సనిదపమ అని 5 నుంచి 1 దాకా వచ్చి, మధ్యవేలు బొటనవేలి మీదుగా దాటి గ మీద పడాలి. తర్వాత రిస.

రహస్యమేమిటంటే, బొటనవేలు చివరి క్షణంలో పరిగెత్తకూడదు. చూపుడు వేలు రి నొక్కుతున్నప్పుడే అది లోపలికి బయల్దేరాలి. మోచెయ్యి పైకి లేవకూడదు, మణికట్టు ఒరగకూడదు. చెయ్యి ఎలా ఉంచాలంటే, "బంతి పట్టుకున్నట్టు" అన్నాడు కుర్రాడు. నేను పండిన చిన్న రసం పట్టుకున్నట్టు అనుకున్నాను. చితకకూడదు, జారిపోకూడదు. వెంటనే పట్టుబడింది. గోళ్లు కత్తిరించుకున్నాను. మీటల అంచుకి తగిలి గలగలమంటున్న గాజుల్ని మోచేతి వైపు తోసుకున్నాను.

ఎడమచెయ్యి తీరు వేరు. చిటికెన వేలితో సా మొదలుపెట్టి ప దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు వస్తుంది. అప్పుడు మధ్యవేలు దాటి ద మీదికి వెళ్తుంది. అంటే కుడిచెయ్యి మ దగ్గర మలుపు తిరిగితే, ఎడమచెయ్యి ద దగ్గర తిరుగుతుంది. రెండూ కలిపి వాయిస్తే మొదట్లో మతి పోతుంది. దానికో ఉపాయం ఉంది. రెండు బొటనవేళ్లూ ఒకే సా మీద పెట్టి, కుడిచెయ్యి పైకీ ఎడమచెయ్యి కిందికీ నడపండి. అప్పుడు రెండు చేతుల్లోనూ ఒకేసారి ఒకే అంకె వేలు పడుతుంది.

ఇది శంకరాభరణం స్వరాలకే కాదు. పురందరదాసు ఏర్పరిచారని చెప్పే సరళీ స్వరాల మాయామాళవగౌళ కూడా అదే సా నుంచి అవే వేళ్లతో వస్తుంది. రి, ద నల్ల మీటల మీద పడతాయి గానీ బొటనవేలికి మాత్రం తెల్ల మీటలే దక్కుతాయి. బొటనవేలు పొట్టిది, వెనక్కి ఎత్తుగా ఉన్న నల్ల మీటని అందుకోబోతే చెయ్యంతా ముందుకి జరగాలి. అందుకే సా మారితే లెక్కా మారుతుంది. అదే శంకరాభరణాన్ని 4 శ్రుతిలో మొదలుపెడితే మ నల్ల మీట. అక్కడ ఉంగరం వేలు వేసి, బొటనవేలు ప దగ్గర తిప్పాలి. ఈ నియమాలు ఎవరో హుకుం జారీ చేసినవి కావు. చేతి ఆకారం చెప్పిన పాఠాలు.

ఈ పాఠం పడమటి దేశాల విద్వాంసులకి కూడా మొదటినుంచీ తెలియదు. 1720లో జర్మనీ సంగీతకారుడు బాక్ తన తొమ్మిదేళ్ల కొడుకు కోసం మొదలుపెట్టిన పుస్తకంలో స్వయంగా వేళ్ల అంకెలు వేశాడు. అందులో కూడా కుడిచేత్తో పైకి వెళ్లేటప్పుడు మధ్యవేలు ఉంగరం వేలిని దాటే పాత పద్ధతి ఉంది. తన చిన్నతనంలో పెద్ద పెద్ద విద్వాంసులు సైతం బొటనవేలిని తప్పనిసరైతేనే వాడేవారని ఆయన చెప్పేవాడట. ఈ సంగతి రాసింది ఆయన మరో కొడుకు, 1753లో అచ్చయిన తన పుస్తకంలో. బొటనవేలికి పెద్దపీట వేసిందీ ఆ పుస్తకమే.

ఏకలవ్యుడి కథలో గురువు బొటనవేలు అడిగి తీసుకున్నాడు. నా విషయంలో అడగను కూడా అడగలేదు. "మీకెందుకండీ" అని పక్కన పెట్టించారు, అంతే.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఆడవాళ్లకి చదువైనా, సంగీతమైనా ఎప్పుడూ "సరిపడా" కొలిచి పోస్తారు. మా అమ్మకి పెళ్లిచూపులకి సరిపడా రెండు కీర్తనలు నేర్పించారు. మూడోది నేర్చుకునేలోపు పెళ్లయిపోయింది. నన్ను డిగ్రీ దాకా చదివించారు, సంబంధానికి సరిపడా. ఇప్పుడు కాలక్షేపానికి సరిపడా ఒక పాట. సగం నేర్పితే సగమే వస్తుంది. అది చూసి "ఆవిడకి అంతే వచ్చు" అంటారు. తప్పు నేర్పిన తీరుదైనా పేరు మాత్రం మనకి.

"సరదాకేగా, ఎలా వాయిస్తే ఏం?" అనే వాళ్లని నేనొకటి అడుగుతాను. సరదాకి పెట్టినా ఆవకాయలో ఉప్పు తగ్గిస్తామా? తగ్గిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. వేళ్లూ అంతే. తప్పు అలవాటు ఒకసారి పట్టిందంటే వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. ఆ చూపుడు వేలి అలవాటు మాన్పడానికే నాకు నెలన్నర పట్టింది.

నేనేదో విద్వాంసురాలినైపోయానని కాదు. నాలుగు నెలలైంది. కుడిచెయ్యి బాగానే నడుస్తోంది. ఎడమచెయ్యి ఇంకా అలుగుతోంది. రెండూ కలిపితే పప్పు పొయ్యి మీద మాడుతున్నా తెలియనంత ధ్యాస కావాలి. రోజూ మధ్యాహ్నం పావుగంట, చాలా నెమ్మదిగా, ఒక్కో స్వరం. మొన్న మా అమ్మాయి వచ్చి కాసేపు చూసి, "అమ్మా, నువ్వు కిందనుంచి వేలు తిప్పుతున్నావే!" అంది. ఆ పాఠం తనకి చెప్పారు, తను మర్చిపోయింది. నాకు చెప్పలేదు, నేను వెతుక్కున్నాను.

మీ ఇంట్లో కూడా అల్మరా మీద పిల్లలు వదిలేసిన కీబోర్డో, మూలనపడ్డ హార్మోనియమో ఉందేమో చూడండి. దించండి. నేర్పేవారిని మొహమాటపడకుండా అడగండి, "ఏ వేలు ఎక్కడ వెయ్యాలండీ?" అని. "మీకెందుకండీ" అంటే, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.