దొరసానమ్మ దినచర్య

'ప్రియురాలు పిలిచింది' చూశారుగా? దాని మూలం 1811లో అచ్చయిన ఇంగ్లీషు నవల. రాసింది జేన్ ఆస్టిన్. ఆ కాలం సినిమాల్లో పెద్దింటి అమ్మాయిలకి గౌన్లు, డాన్సులు, నిట్టూర్పులు తప్ప వేరే పనేం కనిపించదు నాకు.

చాటన్ పల్లెలో జేన్ రోజు వేరు. పొద్దున్నే పియానో సాధన. తొమ్మిదింటికి ఇంటిల్లిపాదికీ టిఫిన్ తనే సిద్ధం చెయ్యాలి. టీ, పంచదార నిలవలు ఆమె అజమాయిషీలోనే! (ఆ రోజుల్లో ఖరీదైన సరుకులు మరి.) తర్వాత కుట్టుపని, ఉత్తరాలు, పలకరించడానికొచ్చే ఇరుగుపొరుగు. నవలలు రాసుకున్నది ఈ సందుల్లోనే, చిన్న బల్ల మీద. ఆ 1811 పుస్తకం మీద పేరైనా లేదు, 'ఒక స్త్రీ' అని వేశారంతే. అయితేనేం, మొదటి ముద్రణంతా అమ్ముడై చేతికి 140 పౌన్లొచ్చాయి. సొంత సంపాదన!

ఆ బల్ల మీద కెమెరా పెట్టే దర్శకుడుంటే మొదటాటకే టిక్కెట్టు కొంటాను.