గాలం వేసే చోటా? గొర్రెలను కాచే చోటా?

విశాఖ ఉక్కునగరంలో గానీ, పోర్టు క్వార్టర్స్ ప్రాంతంలో గానీ ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో నలుగురు పెద్దలు నిలబడితే ఒకే మాట వినిపిస్తుంది. 'సర్వీసు అయిపోవస్తోంది. క్వార్టర్ ఖాళీ చేశాక ఎక్కడ స్థిరపడదాం?' ఒకరు భీమిలి అంటారు. గోస్తని సముద్రంలో కలిసే చోట గాలం వేసుకుని పొద్దు పుచ్చాలని ఆయన ఆశ. మరొకరు తాటిపూడి రిజర్వాయరు దగ్గర స్థలం చూసి వచ్చారు. ఇంకొకరి మనసు అరకు మీద ఉంది. ఆ అడవుల్లో తాతల నాటి షికారు కథలు వింటూ పెరిగిన వారాయన.

ఈ ఆశను మేము తప్పుపట్టడం లేదు. ముప్పై ఏళ్లు కొలిమి వేడిలో, రేవు దుమ్ములో, నైట్ షిఫ్టుల్లో అలసిన శరీరానికి విశ్రాంతి కావాలి. సముద్రం చూస్తూ కూర్చోవడం పాపం కాదు. చేపలు పట్టడం అసలే కాదు. ప్రభువు తన తొలి శిష్యులను వలల దగ్గరే పిలిచాడు. షికారు సంగతి వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరం. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. 'గిరిజనుడి పేరు మీద బినామీగా కొనండి' అని సలహా చెప్పేవారు ఉంటారు. విశ్వాసి ఆ మాట వినకూడదు. నిజాయితీగా చేసిన సర్వీసును చివరికి ఒక అబద్ధపు కాగితంతో ముగించడం ఎంత విచారం!

వేట మాంసం మీది ఇష్టాన్ని వృద్ధాప్యంలోకి తీసుకెళ్లిన తండ్రి బైబిల్లో ఒకరున్నారు. ఆయన ఇస్సాకు. చూపు మందగించాక పెద్ద కుమారుడు ఏశావును పిలిచి, వేటాడి రుచిగా వండి తెస్తే తిని దీవిస్తానన్నాడు (ఆదికాండం 27). తరువాత జరిగింది మనకు తెలుసు. రిబ్కా, యాకోబు కలిసి ఆయనను మోసగించారు. ఏశావు పగబట్టాడు. యాకోబు ఇల్లు విడిచి పారిపోయాడు. మోసం చేసింది వారే, కాదనలేము. కానీ ఆ బిడ్డలు పుట్టకముందే దేవుడు చెప్పిన మాట కన్నా తన నాలుక రుచికి పెద్దాయన ఎక్కువ చోటిచ్చాడు. ముసలితనంలో మన ఇష్టాలు మన ఒక్కరివే అనుకుంటాం. వాటి ఖర్చు ఇంటిల్లిపాదీ కడతారు.

మేమెరిగిన ఒక దంపతుల కథ ఇలాంటిదే. భర్త రిటైరైన సొమ్ముతో ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున ఇల్లు కట్టారు. రెండేళ్లు రోజూ గాలం వేశారు. ఒక రాత్రి ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆ దారిలో అంబులెన్స్ వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆయన ప్రభువు నందు నిద్రించాక అమ్మగారు ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలారు. చర్చి ముప్పై కిలోమీటర్ల దూరం. ఆమె మాతో అన్నారు, 'ఇక్కడ చేపలకు లోటు లేదు బాబూ, పలకరించే మనిషికే లోటు.' ఆ మాట మేము మరచిపోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసిన రోజులు గుర్తున్నాయా? కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్లు లేవు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు కంగారు పడ్డారే గానీ రాలేకపోయారు. బిందెడు నీళ్లు ఇచ్చింది పక్కింటివారు, సంఘస్థులు. దూరాన ఉన్న తోబుట్టువు కన్నా దగ్గరున్న పొరుగువాడు మేలని సామెతల గ్రంథం ఏనాడో చెప్పింది.

ఇక చేపల సంగతి. పునరుత్థానం తరువాత పేతురు మళ్లీ చేపల వేటకు వెళ్లాడు. రాత్రంతా ఏమీ పడలేదు. తెల్లవారాక ప్రభువు చెప్పిన వైపు వల వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి (యోహాను 21). ప్రభువు కోప్పడలేదు. నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి ముందు తినమన్నాడు. తిన్నాకే, తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను అప్పగించాడు. ఆ వెంటనే చెప్పిన మాటను మనం తరచుగా దాటేస్తాం. అది పేతురు ముసలితనం గురించి. పడుచువాడుగా ఉన్నప్పుడు ఇష్టమైన చోటికి వెళ్లినవాణ్ని, ముసలివాడయ్యాక మరొకరు ఇష్టం లేని చోటికి తీసుకెళ్తారన్నాడు. అది పేతురు హతసాక్షి మరణాన్ని సూచించిన మాటే. అయినా అరవై దాటిన మనమంతా దాన్ని వినాలి. చివరి చోటును మనం పూర్తిగా ఎంచుకోలేం. మన చేతిలో ఉన్నది, ఈలోగా ఎవరిని కాచుకుంటామన్నదే.

దేవుడు రిటైర్మెంటును కాదనలేదు. లేవీయులు 50 ఏళ్లకు బరువు పని మానాలని ఆయనే నియమించాడు. కానీ గుడారం దగ్గర తమ సోదరులకు తోడుగా ఉండమన్నాడు (సంఖ్యాకాండం 8). మోత దిగింది, పిలుపు దిగలేదు. 1805లో విశాఖకు సువార్త తెచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకుని వాక్యానువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు ఈ గడ్డ మీదే కన్నుమూశారు. రిటైరయ్యే వయసే వారికి దక్కలేదు. మనకు దక్కింది. అది కానుక.

మనం సరదాకు గాలం వేసే సముద్రమే పెదజాలారిపేట వారికి బతుకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల భృతి కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో మంటలు రేగి పదుల సంఖ్యలో బోట్లు బూడిదయ్యాయి. బ్యాంకు ఫారం నింపడం తెలిసిన రిటైర్డ్ క్లర్కు, వెల్డింగ్ నేర్పగల రిటైర్డ్ ఫోర్‌మన్, పిల్లలకు లెక్కలు చెప్పగల టీచరమ్మ అక్కడ వారానికి రెండు పూటలు గడిపితే ఎంత మేలు! గాలం కూడా వెంట తీసుకెళ్లవచ్చు. చేపల సంగతి మన కన్నా వారికే బాగా తెలుసు.

కాబట్టి స్థలానికి అడ్వాన్సు ఇచ్చే ముందు భార్యాభర్తలు కలిసి మోకరించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే మిగిలినవారు ఇక్కడ బతకగలరా? ఆదివారం నడిచో, ఆటోలోనో సంఘానికి చేరగలమా? ఈ ఊరిలో మన అవసరం ఎవరికైనా ఉందా? మూడింటికీ అవునని జవాబు వస్తే భీమిలి అయినా, గాజువాక అయినా, పుట్టిన పల్లె అయినా అదే మన చోటు. అక్కడ చేపలు కూడా దొరికితే ప్రభువుకు స్తోత్రం చెప్పి, కాల్చుకుని, పొరుగువారిని కూడా భోజనానికి పిలుద్దాం.