“ఇది ఎగ్జామ్‌లో వస్తుందా మేడమ్?”



పోయిన పీటీఎంలో ఒక అమ్మగారు నన్ను సూటిగా అడిగారు: “మేడమ్, మా బాబు రెండు రోజుల నుంచి ఏదో పెద్ద ప్రైమ్ నంబర్ గురించే మాట్లాడుతున్నాడు. అది ఎగ్జామ్‌లో వస్తుందా?” రాదన్నాను. “మరెందుకు చెప్పారు?” అన్నట్టు చూశారు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు, జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

ఆ సంఖ్య 2,14,74,83,647. ముప్పై ఒక్క రెండ్లను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే వస్తుంది. నైన్త్ క్లాస్‌లో బోర్డు మీద రాసి, ఇది ప్రైమ్ అన్నాను. “అన్నిటితో భాగించి చూశారా మేడమ్?” అన్నాడు ఆ బాబు.

అక్కర్లేదు. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, వాటిలో చిన్నది దాని వర్గమూలాన్ని దాటదు. కాబట్టి 46,340 దాకా చూస్తే చాలు. 1772లో ఆయిలర్ ఆ పనిని ఇంకా తగ్గించాడు. దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. అలాంటి సంఖ్యలు 400 కూడా లేవు! అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. పని జరిగింది ఆలోచనతోనే.

1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లండ్ గణిత రచయిత, ఈ ప్రైమ్‌తో వచ్చే పర్ఫెక్ట్ నంబర్ కంటే పెద్ద పర్ఫెక్ట్ నంబర్ కోసం ఎవరూ ప్రయత్నించకపోవచ్చు, ఇవి వింతలే తప్ప ఉపయోగం లేదు అని రాశాడు. 2024లో దొరికిన ప్రైమ్‌లో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. ఇక ఉపయోగమంటారా? మీరు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టేటప్పుడు మీ వివరాలను కాపాడే రహస్య తాళాల వెనక ఉన్నది పెద్ద పెద్ద ప్రైమ్ నంబర్లే.

మార్కులు వద్దని నేను అనను. ఆ పీరియడ్‌లో పది లెక్కలు చేయించాల్సింది, నాలుగే అయ్యాయి. ఆ వారం టెస్ట్‌లో బాబుకి మార్కులు తగ్గాయి కూడా. ఫీజు కోసం ఇంట్లో ఎంత సర్దుకుంటారో నాకు తెలుసు, మా నాన్నగారూ నన్ను అలాగే చదివించారు. కానీ పరీక్షలో తెలియని లెక్క ఎదురైనప్పుడు బట్టీ పట్టిన ఫార్ములా ఆదుకోదు. “ఎందుకు?” అని అడిగే అలవాటే ఆదుకుంటుంది. ఆ అలవాటును “సిలబస్‌లో లేదు” అని మనమే ఆపేస్తే, తర్వాత ఏ కోచింగూ తిరిగి తేలేదు.

ఒక చిన్న కోరిక. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని 97 ప్రైమా కాదా అని అడగండి. 2, 3, 5, 7తో చూస్తే చాలంటే, ఎందుకు చాలో అడగండి. జవాబు రావడానికి పది నిమిషాలు పట్టినా తొందరపెట్టకండి.