పెళ్లికొడుకు చేతికి దోసె పెనం

మొన్న ఆదివారం చిత్తూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. మామగారు వాచీ కొనిస్తామన్నారట, మంచి స్విస్ వాచీ. "మామా, నలభై రెండు తీసుకునేదా, నలభై నాలుగా?" అన్నాడు. "ముప్పై ఆరు" అన్నాను. అవతల కాసేపు మాటే లేదు. ముప్పై ఆరంటే లేడీస్ సైజు అని మద్రాసులో ఏదో షాపువాడు అప్పటికే వాడి చెవిలో వేశాడు.

లేడీస్ సైజట! వారం నుంచి ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. రోలెక్స్ వాళ్లు 1945లో డేట్‌జస్ట్ తెచ్చినప్పుడు దాని కొలత 36 మిల్లీమీటర్లు, చేసింది మగవాళ్ల కోసమే. మా నాయిన కట్టుకున్న హెచ్ఎంటీ జనతా ఆ మాత్రం కూడా ఉండదు. 1961లో జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. 2016లో కేంద్రం దానికి తాళం వేయమంది. నడుమ రెండు మూడు తరాల మగవాళ్లు ఆ చిన్న డయలు కట్టుకునే మడక దున్నారు, బస్సు తోలారు, బడిలో బెత్తం ఝుళిపించారు. పొద్దున లేవగానే మా నాయిన వాచీకి కీ ఇచ్చేవాడు, ఆ తర్వాతే కాఫీ. ఆరు మిల్లీమీటర్లు తక్కువైందని ఎవరి మీసమూ దిగలేదు.

మణికట్టుకు దారం చుట్టి కొలవండి. నేను చూసినంతలో మనవాళ్లది ఆరున్నర అంగుళాలకు అటూ ఇటూ. దానికి 36 నుంచి 38 చాలు, మరీ మనసు పీకితే 39. డయలు ఒక్కటే చూసి మోసపోవద్దు. బెల్టు తగిలించే కొమ్ములున్నాయే, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఎంతో అడగండి. అది మణికట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిందంటే ఇరుకు గదిలో డబుల్ కాట్ వేసినట్టే. మందం పదకొండు మిల్లీమీటర్లు దాటిందా, ప్రతి తలుపుకూ తగులుతుంది. తోలు బెల్టు జోలికి పోవద్దు, తిరుపతి మే నెల చెమటకు కంపు కొడుతుంది. స్టీలు చైనే మేలు. ఎండకు చెయ్యి ఉబ్బుతుంది కాబట్టి కొక్కెం దగ్గర కాస్త వదులు చేసుకునే ఏర్పాటుండాలి. షాపు ఏసీలో కూర్చుని చూసుకుంటే ఇవేవీ తెలియవు.

కుప్పం నుంచి కృష్ణగిరి మీదుగా పోతే హోసూరు. అక్కడి టైటాన్ వాళ్లు 2002లో ఎడ్జ్ అని మూడున్నర మిల్లీమీటర్ల మందంతో వాచీ చేసి చూపించారు. పక్క ఊళ్లో అంత నాజూకు పని జరిగితే, మనం మద్రాసు పోయి దోసె పెనాలు కట్టుకొస్తున్నాం.

మేనల్లుడికి ఇంకోమాట కూడా చెప్పాను. స్విట్జర్లాండుతో కలిపి నాలుగు దేశాలతో చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం అంచెలంచెలుగా తగ్గుతుంది, కాస్త ఆగరాదా అన్నాను. "ముహూర్తం ఆగదు గదా మామా" అన్నాడు. ధర పది లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి షాపులోనే ఒక శాతం పన్ను ముందుగా వసూలు చేస్తున్నారు. తర్వాత లెక్కల్లో సర్దుకుంటుందిలెండి. కానీ ఆ డబ్బూ కట్టేది మామగారే. ఒకప్పుడు సైకిలు, వాచీ, రేడియో అని నోరు తెరిచి అడిగేవాళ్లు, దాన్ని కట్నం అనేవాళ్లు. ఇప్పుడు గిఫ్టు అంటున్నారు.

వాచీ అంటే ఇష్టం చూడాలంటే కొండకు పోవాలి. హుండీలో భక్తులు వేసిన వాచీలను తిరుమల తిరుపతి దేవస్థానం ఎప్పటికప్పుడు లాట్లు కట్టి వేలం వేస్తుంది. ఆ ప్రకటనల్లో టైటాన్, క్యాషియో, టైమెక్స్, సొనాటాలతో పాటు ఆల్విన్ పేరు కూడా కనబడుతుంది. సీకోతో కలిసి వాచీలు చేసిన మన హైదరాబాదు ఆల్విన్! కొత్తవీ, వాడినవీ, కొద్దిగా దెబ్బతిన్నవీ అని వేరు చేసి రాస్తారు. ఆ వాడినవాటిలో ఏదో ఒకటి, కంపార్టుమెంటులో రాత్రంతా టైము చూసుకుంటూ కూర్చున్నవాడి చేతిది కాకపోదు. చూసీ చూసీ విసుగొచ్చి, దర్శనం అయ్యాక అదే తీసి స్వామికి ఇచ్చేసి ఉంటాడు.

అలాంటి భక్తుల టైముకు లెక్కలేదు గానీ పెద్దమనుషుల టైముకు ఎంత లెక్కో! మొన్ననే ఒక సభకు పోయాను. ఆహ్వానపత్రికలో ఉదయం పది అని వేశారు. పదిన్నరకు మైకు సర్దారు. పదకొండుకు స్వాగతగీతం పిల్లలను గేటు దగ్గర నిలబెట్టారు, పూలదండలతో సహా. ఎండకు ఒక పాప కళ్లు తిరిగి కూర్చుండిపోతే, టీచరమ్మ దండ తీసుకుని పక్కపిల్ల చేతికిచ్చింది. ముఖ్య అతిథి వచ్చి, జ్యోతి వెలిగించడానికి చెయ్యి చాపాడు. కఫ్ కింద పట్టక వాచీ బయటే ఉంది. ఇంత లావు డయలు. ఆరో వరసలో కూర్చున్న నాకు కళ్లద్దాలు లేకుండానే ముళ్లు కనబడ్డాయి. పన్నెండుంపావు.