ఇంటిగుట్టు తెరకెక్కితే ఎవరికి చేటు?

ఒకప్పుడు భార్యాభర్తల మధ్య పొరపొచ్చాలు వస్తే ఆ మాట గడప దాటడానికి కొన్నాళ్లు పట్టేది. పెద్దలు కూర్చునేవారు, ఖాజీ సాహెబ్ నచ్చజెప్పేవారు, ఈలోగా కోపం చల్లారేది. నేడు కోపం చల్లారకముందే అది వాట్సాప్ స్టేటస్‌గా మారుతోంది. తెల్లవారేసరికి బంధువుల గ్రూపులన్నీ చుట్టివస్తోంది. కొన్ని నెలల తర్వాత అదే మాట కాగితంపై అచ్చయి ఫ్యామిలీ కోర్టు ఫైలులో చేరుతోంది. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత మన కుటుంబాల విషయంలో అక్షరాలా నిజమవుతోంది.

అన్నింటికంటే ముందు తలాఖ్ సందేశాల సంగతి చెప్పుకోవాలి. బతుకుతెరువు కోసం గల్ఫ్‌కు వెళ్లినవారు, ఊళ్లోనే ఉన్నవారు కూడా ఆవేశంలో ఫోన్‌పై మూడు మాటలు టైపు చేసి పంపితే చాలు, బంధం తెగిపోయిందనుకుంటున్నారు. సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో ఏకకాలపు ముమ్మారు తలాఖ్‌ను చెల్లదని ప్రకటించింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఇటువంటి తలాఖ్‌ను నోటితో చెప్పినా, రాసినా, ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా చెల్లదని, అది నేరమని పేర్కొన్నది. గరిష్ఠంగా మూడేళ్ల జైలుశిక్ష, జరిమానా కూడా విధించింది. అంటే ఆ సందేశంతో నికాహ్ తెగదు. జైలు తలుపు మాత్రం తెరుచుకుంటుంది. సాక్ష్యాన్ని భర్తే స్వయంగా రాసి పంపినట్లవుతుంది.

ఈ చట్టంపై మా అభ్యంతరాన్ని దాచుకోము. చెల్లనే చెల్లని మాటకు జైలుశిక్ష ఎందుకు? అన్ని మతాలలోనూ భార్యను వదిలేసే భర్తలు ఉండగా ముస్లిం పురుషునికి మాత్రమే ఈ శిక్ష ఎందుకు? భర్త జైలులో ఉంటే భార్యాబిడ్డల పోషణ ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలను అడుగుతూనే ఉంటాము. అయితే, ప్రభుత్వాన్ని ప్రశ్నించే నైతికబలం దక్కాలంటే ముందు మన ఇళ్లలో తలాఖ్‌ను ఆటవస్తువుగా మార్చినవారిని మనమే నిలదీయాలి.

రెండవది మనోవర్తి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చింది. అది మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. మనోవర్తి కేసులలో ఇరుపక్షాలూ తమ ఆస్తులు, ఆదాయం, అప్పుల వివరాలను అఫిడవిట్‌లో వెల్లడించాలని అదే న్యాయస్థానం 2020 నవంబరులో ఆదేశించింది. అఫిడవిట్‌లో ‘నాకు సంపాదన లేదు’ అని రాసిన భర్త, ఫేస్‌బుక్‌లో కొత్త కారు పక్కన నిలబడిన ఫోటో పెడితే ఏమవుతుంది? ఎదుటిపక్షం వకీలు వేరే సాక్షిని వెతకనక్కరలేదు. ఇది భార్యకూ వర్తిస్తుంది.

స్క్రీన్‌షాట్ ఉంటే గెలిచినట్లేనన్నది మరో అపోహ. స్క్రీన్‌షాట్లను మార్చడం, లేని సంభాషణను సృష్టించడం నేడు కష్టం కాదు. అందుకే ఎలక్ట్రానిక్ ప్రతులకు ధ్రువపత్రం ఉండాలని సాక్ష్య చట్టం చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 63వ సెక్షన్ ఆ నిబంధనను కొనసాగించింది. కుటుంబ న్యాయస్థానాలకు సాక్ష్యాలను స్వీకరించడంలో కొంత వెసులుబాటు ఉన్నా, అసలు ఫోన్‌ను, పూర్తి సంభాషణను భద్రపరచుకోవడమే క్షేమం. కేసు నడుస్తుండగా సందేశాలను చెరిపేస్తే, దాచవలసినదేదో ఉన్నందువల్లే చెరిపారని న్యాయమూర్తి భావించే ప్రమాదం ఉంది.

2025 జులై 14న మరో ముఖ్యమైన తీర్పు వచ్చింది. దంపతులలో ఒకరు రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను వివాహ వివాదంలో సాక్ష్యంగా స్వీకరించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యం చెల్లవచ్చు, కానీ ఒకరి ఫోన్ ఒకరు తవ్వుకునే కాపురం కాపురమేనా? రంధ్రాన్వేషణను, చాడీలను దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో తీవ్రంగా నిషేధించింది. భార్యాభర్తలను ఒకరికొకరు వస్త్రాలని చెప్పిన గ్రంథాన్ని నమ్మేవారమై ఉండి, ఆ వస్త్రాన్ని నలుగురి ముందు మనమే చింపుకుంటున్నాము.

ఈ బజారుకీడ్పులో ఎక్కువగా నలిగేది స్త్రీయే. ఆమె పాత ఫోటో ఒకటి, ఎవరితోనో చేసిన మామూలు సంభాషణ ఒకటి పట్టుకుని ఆమె శీలానికి తీర్పు చెప్పే మగవారు ప్రతి మహల్లాలోనూ ఉన్నారు. ఖులా భార్యకు గల హక్కు అని, దానికి భర్త అంగీకారం అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది. అటువంటప్పుడు ఖులా కోరిన ఆడబిడ్డపై బురదచల్లి సాధించేదేమిటి? పైగా మన సముదాయాన్ని బోనులో నిలబెట్టాలని కాచుకుని ఉన్న యూట్యూబ్ చానెళ్లకు ఆ వీడియోలే మేత. రేపు ఆ దంపతుల బిడ్డ బడిలో తలెత్తుకోలేని పరిస్థితి వస్తుంది. పరువు నిలుపుకోదలచినవారికి చట్టమే ఒక దారి చూపింది. ఇరుపక్షాలలో ఎవరు కోరినా కుటుంబ న్యాయస్థానం విచారణను గోప్యంగా జరపాలి. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

అంతమాత్రాన బాధితులు నోరు మూసుకోవాలని మేము చెప్పడం లేదు. బెదిరింపు సందేశాలను, కట్నం కోసం వేధించిన ఆడియోలను మహిళ తప్పక భద్రపరచుకోవాలి. వకీలుకు, పోలీసులకు చూపాలి. సాక్ష్యాన్ని దాచుకోవడం వేరు, లోకానికి చాటుకోవడం వేరు. మొదటిది హక్కు, రెండవది చాలాసార్లు ఆ హక్కుకే గండి కొడుతుంది.

మస్జిద్ కమిటీలు, ధర్మపండితులు ఈ విషయాన్ని జుమా ప్రసంగాలలోకి తేవాలి. నికాహ్‌కు ముందు వధూవరులకు తలాఖ్, ఖులా, మహర్ నియమాలతో పాటు ఫోన్ మర్యాదను కూడా నేర్పాలి. వివాదం వచ్చినప్పుడు నిసా సూరా సూచించినట్లు ఇరు కుటుంబాల నుంచి చెరొక మధ్యవర్తిని కూర్చోబెట్టాలి. ఆ కూర్చునే చోట ఫోన్లు బయట పెట్టించాలి. కలిసి ఉంటే మర్యాదగా, విడిపోతే మేలుగా విడిపొమ్మన్నది మన ధర్మం. పోస్టు చేసే ముందు ఒక్క రాత్రి ఆగుదాం. ఆ ఒక్క రాత్రితో నిలబడే కాపురాలు ఉన్నాయి. నిలబడనివి కూడా కనీసం గౌరవంగా ముగుస్తాయి.