పక్క సీట్లో మత్తు

"నేను కాస్త పుచ్చుకున్నాను, అబ్బాయి నడుపుతాడులెండి. ఎల్ఎల్ఆర్ వచ్చింది. పక్కన నేనుంటానుగా."

పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పొద్దుపోయాక ఫంక్షన్ హాళ్ల పార్కింగుల్లో వినబడే మాట ఇది. ఈ మాట అనేవాళ్లు తాగి స్టీరింగ్ పట్టుకునే రకం కాదు. తాగితే నడపకూడదని తెలిసినవాళ్లు, ఆ నియమాన్ని పాటిస్తున్నామని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు. దారిలో పోలీసులు ఆపితే అబ్బాయి బ్రీత్ ఎనలైజర్‌లోకి ఊదుతాడు, సున్నా వస్తుంది, కారు ముందుకు సాగుతుంది. పక్కన కూర్చున్నాయనను ఎవరూ ఏమీ అడగరు. ఇంటికి క్షేమంగా చేరితే చేసింది సరైన పనేనన్న నమ్మకం ఇంకా బలపడుతుంది. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది.

ఎల్ఎల్ఆర్ అంటే బండి నడపడం వచ్చినట్టు ఇచ్చిన కాగితం కాదు. ఆరు నెలల గడువులో నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి. నేర్చుకునేవాళ్లు ఎలా నడపాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో మూడో నియమం చెబుతోంది. బండికి ముందూ వెనకా తెల్లని నేపథ్యం మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. చెల్లుబాటయ్యే లైసెన్సున్న శిక్షకుడు వెంట ఉండాలి. అంతేకాదు, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట అతను కూర్చుని ఉండాలి. అంటే ఎల్ బోర్డు కారులో పక్క సీటులోని మనిషి ప్రయాణికుడు కాడు. ఆ బండికి రెండో డ్రైవరు. నేర్చుకునేవాడికి ఇంకా రాని అనుభవాన్నీ, ఇంకా కుదరని చూపునూ అందించాల్సినవాడు. నిజానికి మొదటి డ్రైవరు కంటే అతనే ఎక్కువ మెలకువగా ఉండాలి. ముందు వెళుతున్న ఆటో సిగ్నల్ ఇవ్వకుండా ఎటు తిరగబోతోందో, డివైడర్ సందులోంచి ఎవరు దాటబోతున్నారో తాను చూడాలి. ఆ తర్వాత మాటగా చెప్పాలి. ఆ మాట విని అవతలివాడు కాలు కదపాలి. మామూలు డ్రైవరు ఒక్కడే చేసే పని ఇక్కడ ఇద్దరి మధ్య నడుస్తుంది, అందుకే దానికి సమయం ఎక్కువ పడుతుంది.

డ్రైవింగ్ స్కూలు కారులో శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. స్కూళ్ల కార్లకు ఆ ఏర్పాటు తప్పనిసరి. మన ఇళ్లలోని కార్లకు అది ఉండదు. తండ్రికో మేనమామకో అందుబాటులో ఉండేది మధ్యలోని హ్యాండ్ బ్రేకు ఒక్కటే. కొత్త కార్లలో చాలావాటికి అదీ పోయి చిన్న బటన్ మిగిలింది. ఇంత తక్కువ సరంజామాతో బండిని కాపాడాల్సిన మనిషి మద్యం తాగి ఉంటే ఏమవుతుంది? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు అర సెకనులో దాదాపు ఏడు మీటర్లు ముందుకు పోతుంది. మద్యం మొదట దెబ్బతీసేది సరిగ్గా ఆ అర సెకన్లనే. కదిలే వస్తువును కళ్లతో వెంబడించడం, దూరాన్ని అంచనా వేయడం, చూసినదాన్ని వెంటనే నిర్ణయంగా మార్చడం, అన్నీ మందగిస్తాయి. తనకేమీ కాలేదన్న ధీమా మాత్రం పెరుగుతుంది.

ఇంత బాధ్యత ఉన్న మనిషి తాగి ఉండకూడదని మన చట్టం ఎక్కడా సూటిగా చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. కానీ ఆ సెక్షన్ పట్టుకునేది బండి నడుపుతున్నవారిని, నడపబోతున్నవారిని మాత్రమే. 203వ సెక్షన్ పోలీసులకు శ్వాస పరీక్ష చేసే అధికారం ఇచ్చిందీ వారి మీదనే. అందువల్ల రాత్రి తనిఖీల్లో ఎల్ బోర్డు కారును ఆపిన ఎస్సైకి పక్క సీట్లోంచి వాసన గుప్పున కొట్టినా పరీక్షించడానికి సూటి దారి లేదు. మూడో నియమం రెండో డ్రైవరును బండిలో కూర్చోబెట్టింది, 185వ సెక్షన్ అతన్ని మరిచిపోయింది. ఆ శిక్షకుడికి కనీసం ఇన్నేళ్ల అనుభవం ఉండాలన్న షరతు కూడా మూడో నియమంలో లేదు.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ నేర్చుకునేవారి పక్కన కూర్చునే వ్యక్తికి 21 ఏళ్లు నిండాలి, పూర్తి లైసెన్సు వచ్చి మూడేళ్లు కావాలి. తాగి నడపడమే కాదు, తాగిన స్థితిలో బండి తన అధీనంలో ఉండటం కూడా అక్కడ నేరమే. నేర్పేవారు ఆ నిర్వచనంలోకి వస్తారని 2004లో జాన్మన్ కేసులో హైకోర్టు తేల్చింది. ఏ క్షణంలోనైనా స్టీరింగ్ అందుకోవాల్సి రావచ్చు కాబట్టి 'నేను నడిపే అవకాశమే లేదు' అన్న వాదన వారికి సాధారణంగా నిలవదని కూడా చెప్పింది. శిక్ష మూడు నెలల దాకా జైలు, 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు కూడా పోవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఇంకా సూటిగా పోయింది. అక్కడి చట్టం నడిపేవారితో పాటు పక్క సీట్లోని వారినీ పేరుపెట్టి చేర్చింది. నేర్చుకునేవారి రక్తంలో మద్యం అసలే ఉండకూడదు, నేర్పేవారిలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల లోపు ఉండాలి.

ఈ సంగతి ఆ దేశాల్లోని మన వాళ్లకు చాలా అవసరం. ఇక్కడ పదిహేనేళ్లు కారు నడిపిన నర్సులు, ఇంజనీర్లు కూడా బ్రిటన్‌లో స్థిరపడ్డాక ఏడాది దాటితే ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని ఎల్ ప్లేటు కట్టుకోవాలి. 'నాకు డ్రైవింగ్ వచ్చుగా, పక్కన లైసెన్సు ఉన్నవాడు ఊరికే కూర్చుంటే చాలు' అనుకుని దావత్ నుంచి స్నేహితుణ్ని వెంటబెట్టుకుని బయల్దేరితే ఆ స్నేహితుడు కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

చట్టం సంగతి ఇలా ఉండగా, నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది ఆ కారులో కూర్చున్న పిల్లల స్థితి. పద్దెనిమిది నిండిన కొడుకో కూతురో 'నాన్నా, మీరు తాగారు, ఈ రాత్రి నేను నడపను' అనగలిగే ఇళ్లు మనకు ఎన్ని ఉన్నాయి? బంధువులందరి ముందు తాళాలు చేతికిచ్చి 'ఏం భయం లేదు, పద' అంటే కాదనడం ఆ వయసులో ఎవరి తరం? గట్టిగా తిరస్కరిస్తే చేతకానితనం అంటారు, లేదా పెద్దలకు ఎదురుచెప్పడం అంటారు. అయిష్టంగానే ఎక్కుతారు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు పరీక్ష. అదనుకు రావాల్సిన సలహా రాదు, అనవసరమైనప్పుడు అరుపు వస్తుంది. లారీ వెనక నెమ్మదిగా పోతుంటే 'ఓవర్‌టేక్ చెయ్, ఎంతసేపు' అంటారు. భయపడి బ్రేకు తొక్కితే కసురుకుంటారు. ఒక్కోసారి చెయ్యి చాచి స్టీరింగ్ లాగుతారు. లేదంటే పది నిమిషాల్లో నిద్రపోతారు. అప్పుడు హైవే మీద రాత్రిపూట, ఎదుటి లైట్లు కళ్లలో కొడుతుండగా, నెల కిందట క్లచ్ పట్టడం నేర్చుకున్న పిల్లవాడు ఒంటరిగా మిగులుతాడు. వెనక సీట్లో అమ్మమ్మ, చెల్లెలు.

ప్రాణం పోతే కేసు ఎవరి మీద? నడిపిన పిల్లవాడి మీదే. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంటుంది. తాగినది తండ్రి, నిందితుడు కొడుకు. బీమా విషయంలోనూ గుండె నిబ్బరం పనికిరాదు. ఎల్ఎల్ఆర్ కూడా లైసెన్సేనని, ఎదుటివారికి పరిహారం ఎగ్గొట్టడానికి అది సాకు కాదని 2004లో స్వరణ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మేరకు మంచిదే. కానీ కారు పాలసీల్లో ఎల్ఎల్ఆర్ డ్రైవరుకు రక్షణ మూడో నియమాన్ని పాటించాలన్న షరతు మీదే ఉంటుంది. మత్తులో జోగుతున్న మనిషి బండిని ఆపగల స్థితిలో ఉన్నాడా అని బీమా కంపెనీ వకీలు అడిగితే మన దగ్గర ఏం జవాబుంది?

ఇది రాత్రి విందుల సమస్య మాత్రమే కూడా కాదు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ గ్రౌండ్లలో, రింగ్ రోడ్డు సర్వీసు రోడ్ల మీద పిల్లలకు కారు నేర్పే పెద్దలు ఎందరో. శనివారం రాత్రి తాగింది పొద్దున్నకు దిగిపోయి ఉంటుందని వారి లెక్క. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గుతుంది. అర్ధరాత్రి 120 ఉన్న మనిషిలో ఉదయం ఆరింటికి ఇంకా 30 మిగులుతుంది. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం వంటివి ఈ లెక్కను మార్చలేవు. ఒక్క పెద్ద సీసా స్ట్రాంగ్ బీరు చాలు, చాలామందిలో 30 గీత దాటడానికి.

'నియమం మరీ బిగిస్తే తాగినవాడు తానే నడుపుతాడు, దానికంటే పిల్లవాడు నడపడమే మేలు కదా' అని కొందరు వాదిస్తారు. తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదు. కానీ ఆ రాత్రి ఉన్న దారులు ఆ రెండే కావు. తాగని బంధువు ఉంటాడు, అద్దె డ్రైవరు దొరుకుతాడు, క్యాబ్ ఉంటుంది, అక్కడే పడుకునే వీలుంటుంది. పల్లెటూళ్లలో ఇవి కష్టమే. అయితే వెళ్లేముందే ఎవరు తాగరో తేల్చుకోవడానికి ఊరితో పనిలేదు. పక్క సీటును మరిచిపోయింది చట్టం ఒక్కటే కాదు, మనమూ అంతే. 2016లో హైదరాబాద్ పంజాగుట్టలో తాగిన విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎగిరి మరో కారు మీద పడి ఒక చిన్నారి ప్రాణం తీసినప్పుడు నగరం కుమిలిపోయింది. అప్పుడు మన దృష్టంతా స్టీరింగ్ పట్టిన చేతుల మీదే నిలిచింది.

పార్లమెంటు 185వ, 203వ సెక్షన్లలో ఒక్క మాట చేర్చాలి: నేర్చుకునేవారి వెంట శిక్షకుడిగా కూర్చున్నవారు కూడా. మూడో నియమంలో శిక్షకుడికి కనీస వయసు, లైసెన్సు అనుభవం పెట్టాలి. రాష్ట్ర రవాణా శాఖలు అంతదాకా ఆగనక్కర్లేదు. ఎల్ఎల్ఆర్ పరీక్షలో దీని మీద ఒక ప్రశ్న అడగవచ్చు. ఎల్ఎల్ఆర్ చేతికిచ్చే రోజే ఇంటి పెద్దకు ఫోనులో ఒక హెచ్చరిక పంపవచ్చు. ఇక ఇళ్లలో తల్లులు, అత్తలు, అన్నలు చేయాల్సిన పని ఒకటుంది. తాగిన పెద్దమనిషి తాళాలు పిల్లవాడి చేతిలో పెడుతున్నప్పుడు ఆ తాళాలు తాము తీసుకోవాలి. ఎదురుచెప్పే భారం ఆ పిల్లవాడి మీద పడకూడదు.